గూఢచారిని ‘ఎవరి తాలూకండీ?’ అని అడిగితే

సఖినేటిపల్లి రేవులో పంటు పడవెక్కి వశిష్ఠ గోదావరి దాటి నరసాపురం ఒడ్డు చేరడానికి ఎంతోసేపు పట్టదు. ఆ కాసేపట్లోనే కొత్తమనిషి చరిత్ర సగం బయటికొచ్చేస్తుంది. మోటారు సైకిళ్ల మధ్య చోటు చూసుకుని నిలబడ్డాడో లేదో, పక్కాయన మొదలుపెడతాడు. “ఏ ఊరండీ? ఎవరి తాలూకండీ?” ఊరు చెబితే వీధి అడుగుతారు, వీధి చెబితే ఇంటిపేరు అడుగుతారు, ఇంటిపేరు చెబితే “అయితే మా తోడల్లుడి మేనత్తగారి వాళ్లేనండి ఆయ్” అని చుట్టరికం కలిపేస్తారు. అవతలి ఒడ్డు తగిలేసరికి ఆ మనిషి ఎవరింటికి వెళ్తున్నాడో, ఏ పని మీద వెళ్తున్నాడో, రాత్రికి ఉంటాడో తిరుగు ప్రయాణమో పంటులో నలుగురికీ తెలుసు. ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. గోదావరి జిల్లాల్లో పలకరించకపోవడమే తప్పు.

ఆ పంటు మీద ఒక గూఢచారిని నిలబెట్టి చూడాలి. ఖరీదైన గడియారం, మారుపేరు, నాలుగు భాషలు, కరాటే అన్నీ వచ్చినవాడే అనుకుందాం. తుపాకీ గురిపెట్టిన శత్రువును తప్పించుకోవడం అతనికి చిటికెలో పని. కానీ “ఎవరి తాలూకండీ?” అన్న ప్రశ్నకు ఏం చెబుతాడు? ఏ ఇంటిపేరు చెప్పినా ఆ ఇంటిపేరు వాళ్లు పంటులో ఒకరైనా ఉంటారు. సరదా గూఢచారి సీరియళ్ల ఆకర్షణ అంతా ఈ ఒక్క చోట ఉంది. సీరియస్ గూఢచారి కథలో హీరో శత్రువు దగ్గర అబద్ధం ఆడతాడు. కామెడీలో తనకు అన్నం పెట్టేవాళ్ల దగ్గర, తనను నమ్మినవాళ్ల దగ్గర అబద్ధం ఆడాల్సి వస్తుంది. మొదటిది ప్రాణానికి ముప్పు. రెండోది అంతకంటే కష్టం, చూసేవాళ్లకు అంతకంటే దగ్గర కూడా.

ఈ మాటకు సాక్ష్యంగా నిలబడే సీరియల్ ‘చక్’. అమెరికాలో ఎన్‌బీసీ ఛానెల్లో 2007 సెప్టెంబరు 24న మొదలై 2012 జనవరి 27న ముగిసింది. జాష్ ష్వార్ట్జ్, క్రిస్ ఫెడాక్ దీని సృష్టికర్తలు. అయిదు సీజన్లు, 91 ఎపిసోడ్లు. కథానాయకుడు చక్ బార్టోవ్‌స్కీ కాలిఫోర్నియాలోని బర్‌బ్యాంక్‌లో ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ షాపులో కంప్యూటర్లు, ఫోన్లు బాగుచేసే కుర్రాడు. స్టాన్‌ఫర్డ్‌లో చదువుతూ చదువుతూ మధ్యలో బయటికి గెంటించుకున్నాడు. అప్పటి స్నేహితుడు, ఇప్పుడు గూఢచారి, ఒక రాత్రి అతనికి ఈమెయిల్ పంపుతాడు. అది తెరవగానే వేలకొద్దీ బొమ్మలు కళ్లముందు గిర్రున తిరిగి, అమెరికా గూఢచార సంస్థలు సీఐఏ, ఎన్‌ఎస్‌ఏల రహస్యాలన్నీ అతని బుర్రలోకి ఎక్కేస్తాయి. ఆ రహస్యాలున్న అసలు కంప్యూటర్ ధ్వంసమైపోయింది. దేశ రహస్యాలకు మిగిలిన ఏకైక ప్రతి ఇప్పుడు ఈ కుర్రాడి తల. మర్నాడు పొద్దున్నే అతను మళ్లీ షాపుకే వెళ్లాలి, తెల్లచొక్కా, టై కట్టుకుని, కౌంటర్ వెనక నిలబడాలి.

ఈ ఊహ ఎంత విడ్డూరంగా ఉన్నా గోదావరి డెల్టాలో చూసేవాళ్లకు అంత దూరంగా అనిపించదు. అమలాపురంలోనో రావులపాలెంలోనో సెల్‌ఫోన్ రిపేరు షాపు ముందు పది నిమిషాలు నిలబడితే కారణం తెలుస్తుంది. అద్దాల కౌంటర్ మీద వరసగా ఫోన్లు ఉంటాయి. ఒక్కోదాని వెనక చిన్న కాగితం ముక్క అతికించి ఉంటుంది. దాని మీద పేరు, ‘డిస్‌ప్లే’ అనో ‘ఛార్జింగ్’ అనో జబ్బు, కింద తొమ్మిది చుక్కలు వేసి గీసిన లాక్ ప్యాటర్న్. తాళంచెవి తలుపుకే వేలాడదీసినట్టు. కుర్రాడు హాట్ గన్‌తో అంచు వేడిచేసి, సన్నటి రేకుతో డిస్‌ప్లే లేపి, పట్టకారుతో కనెక్టర్ ఊడదీస్తాడు. బిగించాక పనిచేస్తోందో లేదో చూడాలి కాబట్టి ఫోన్ తెరవక తప్పదు. అప్పుడు ఎవరికో మెసేజి వస్తుంది, ఏదో ఫొటో కనబడుతుంది. ఊళ్లో సంబంధాలు, అప్పులు, అలకలు అన్నీ ఆ బల్ల మీదుగా వెళ్తాయి. మంచి కుర్రాడైతే చూపు తిప్పుకుంటాడు, చూసినా నోరు విప్పడు. ఫోన్ తుడిచి చేతికిచ్చి “అయిపోయిందండి” అంటాడు. రాజోలు వైపు పెద్దవాళ్లు ఒక షాపునే నమ్ముకుని వెళ్తుంటే, అది పనితనం కోసమే అనుకోవడానికి లేదు.

చక్ కూడా ఇలాంటి కుర్రాడే. అందుకే అతను హీరో కావడానికి బుర్రలో రహస్యాలు ఎక్కక్కర్లేదు. మొదటి ఎపిసోడ్‌లోనే దానికి రుజువు ఉంది. కూతురి బ్యాలే నాట్యాన్ని వీడియో తీసిన తండ్రి ఒకడు షాపుకు పరిగెత్తుకొస్తాడు. తీరా చూస్తే కెమెరాలో టేపు పెట్టడమే మరిచిపోయాడు. ఆ సమయంలో చక్ ఎదురుగా అందమైన సారా నిలబడి ఉంటుంది, పాడైన ఫోన్ బాగుచేయించుకునే నెపంతో వచ్చిన సీఐఏ ఏజెంట్. చక్ ఆమెను పక్కన పెట్టి పాప దగ్గరికి వెళ్తాడు. షాపులోనే చోటు ఖాళీ చేయించి మళ్లీ నాట్యం చేయమంటాడు. పొడుగ్గా ఉన్నానని, ఎప్పుడూ వెనక వరసలో నిలబెడతారని పాప వెనకాడితే, నిజమైన నర్తకులు పొడుగ్గానే ఉంటారని చెబుతాడు. పాప నాట్యం చేస్తుంటే గోడనిండా ఉన్న టీవీలన్నింటిలో ఆమే కనిపిస్తుంది. సారా చూస్తూ ఉండిపోతుంది. తుపాకీ లేదు, పేలుడు లేదు. ఆ తర్వాత 90 ఎపిసోడ్లలో అతను ఏ ప్రమాదంలో పడ్డా చూసేవాళ్ల ప్రాణం విలవిల్లాడేది ఈ రెండు నిమిషాల పుణ్యాన. గూఢచారి కామెడీ పండాలంటే ముందు మనిషి నచ్చాలి, గూఢచర్యం తర్వాతి సంగతి.

రెండో సంగతి ఇల్లు. చక్ అక్క ఎలీతో ఉంటాడు. తల్లి, తండ్రి వదిలి వెళ్లిపోతే తమ్ముణ్ని పెంచింది ఆమే. వాళ్ల ఇల్లు నడుమ ఫౌంటెన్, చుట్టూ వాటాలు ఉన్న ప్రాంగణంలో ఉంటుంది. డెల్టా పల్లెల్లో ఇంకా అక్కడక్కడా నిలిచి ఉన్న మండువా లోగిళ్లు తెలిసినవాళ్లకు ఆ అమరిక చూడగానే పాత చుట్టంలా తోస్తుంది. మండువాలో వాన నడిమధ్యన పడుతుంది, చుట్టూ గదులు. ఏ గదిలోంచి బయటికొచ్చినా మిగతా గదుల కళ్లు దాటే వెళ్లాలి. ఎవరు ఎన్నింటికి వచ్చారో, మొహం ఎందుకు వాడిందో ఒకరు చెప్పక్కర్లేదు. చక్ కథలో ఎన్‌ఎస్‌ఏ మనిషి జాన్ కేసీ ఆ ప్రాంగణంలోనే ఎదురు వాటాలో దిగుతాడు. పగలు షాపులో సేల్స్‌మన్‌గా నటిస్తాడు, రాత్రి చక్ ఇంట్లో ప్రతి మాటా వింటాడు. సారా చక్ ప్రేయసిగా నటిస్తుంది. నటన అని ఆమెకు తెలుసు, అతనికి తెలుసు, ఎలీకి తెలియదు. తమ్ముడికి మంచి పిల్ల దొరికిందని అక్క మురిసిపోయి భోజనానికి పిలుస్తుంది. అక్కడ పెట్టే ప్రతి ముద్దా అబద్ధానికి పెట్టే ముద్దే. ఆ బల్ల దగ్గర నవ్వూ వస్తుంది, గొంతులో ఏదో అడ్డం కూడా పడుతుంది. ఎలీకి నిజం తెలియడానికి మూడో సీజన్ చివరిదాకా పట్టింది. నోట్లో నువ్వుగింజ నానని స్నేహితుడు మోర్గాన్‌కు కూడా అదే సీజన్‌లో తెలుస్తుంది. చిత్రంగా, తెలిశాక అతనంత గుట్టుగా ఉండేవాడు ఇంకొకడు ఉండడు.

మారువేషం, ఇంట్లో పనివాళ్లలా మెలగడం, గుట్టు బయటపడితే కొంప మునగడం. ఈ కథ తెలుగువాళ్లకు కొత్తది ఎలా అవుతుంది? వానలు వెనకబడితే పల్లెల్లో విరాటపర్వం చదివించే ఆచారం ఉంది. రాజమహేంద్రవరంలో నన్నయ మొదలుపెట్టిన భారతాన్ని తిక్కన అందుకున్నది ఈ పర్వం నుంచే. అజ్ఞాతవాసం షరతు ఒక్కటే. ఏడాదిలోగా ఎవరైనా గుర్తుపడితే మళ్లీ పన్నెండేళ్లు అడవి. ధర్మరాజు కంకుభట్టుగా జూదమాడిస్తాడు, భీముడు వలలుడై వంటశాలలో చేరతాడు, గాండీవం పట్టిన చేతులతో అర్జునుడు బృహన్నలై పిల్లలకు నాట్యం నేర్పుతాడు. ఆయుధాలేమో జమ్మిచెట్టు మీద. నిలువెత్తు బలం ఉన్నవాడు గరిటె పట్టుకుని ‘అలాగే’ అని తలొంచుకోవాల్సి రావడంలో ఉన్న రసం వ్యాసుడికీ తెలుసు, తిక్కనకీ తెలుసు. ఎక్కడ తొందరపడి బయటపడతాడో అని వినేవాళ్లు ఊపిరి బిగబడతారు. కీచకుడి దగ్గర భీముడు బయటపడినంత పని చేస్తాడు కూడా. గూఢచారి కామెడీ అని ఇవాళ పిలుస్తున్నదానికి ఇంతకంటే గట్టి పునాది ఇంకెక్కడా కనిపించదు.

అదే పర్వంలో ఇంకో పాత్ర ఉంది, నుడికారంగా మారి ఇప్పటికీ నాలుకల మీద ఆడే పాత్ర. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు ఉత్తరకుమారుడు ప్రగల్భాలు పలుకుతాడు. సారథి లేడు కాని, ఉంటేనా కౌరవులను చీల్చి చెండాడేవాణ్నంటాడు. సారథిగా బృహన్నల దొరుకుతుంది. సేనను కంటితో చూడగానే రథం మీంచి దూకి పరుగు. ఎవరు పగ్గాలు పట్టాలో, ఎవరు విల్లు పట్టాలో అక్కడ తారుమారవుతుంది. గెలిచాక ఊరంతా ఆ గెలుపు ఉత్తరుడిదే అనుకుంటుంది.

ఈ ఉత్తరకుమారుణ్ని 1965లో అమెరికా టీవీలో పెడితే ఎలా ఉంటుందో ‘గెట్ స్మార్ట్’ అనే గూఢచారి కామెడీ సీరియల్ చూపించింది. మెల్ బ్రూక్స్, బక్ హెన్రీ కలిసి సృష్టించారు. 1970 దాకా 138 ఎపిసోడ్లు వచ్చాయి. డాన్ ఆడమ్స్ వేసిన గూఢచారి మాక్స్‌వెల్ స్మార్ట్ ఏజెంట్ నంబరు 86, బార్బరా ఫెల్డన్ వేసిన పాత్రకు పేరే లేదు, ఏజెంట్ 99 అంతే. అతను తలుపుకు గుద్దుకుంటాడు, తుపాకీ తప్పుగా పట్టుకుంటాడు, బూటు విప్పి దాని అడుగునున్న ఫోన్‌లో మాట్లాడతాడు. ఆమె పక్కన ఉండి పనులు చక్కబెడుతుంది. పేరు మాత్రం అతనికి. ఒక్క తేడా ఉంది, అది ముఖ్యమైన తేడా. ఉత్తరుడు భయపడి పారిపోయాడు, స్మార్ట్ ఎన్నడూ భయపడడు, ఎన్నడూ పారిపోడు. తెలివి తక్కువైనా ధైర్యం తక్కువ కాదు. అందుకే అతణ్ని చూసి నవ్వుకున్నవాళ్లు అతణ్ని చులకన చేయలేరు. సారా, 99, బృహన్నల ముగ్గురినీ వరసగా పెట్టి చూస్తే, పగ్గాలు పట్టడానికి వచ్చినవాళ్లే యుద్ధం గెలిచేవాళ్లన్న సంగతి ఈ కథలన్నీ నవ్వుతూనే ఒప్పుకున్నాయనిపిస్తుంది.

‘గెట్ స్మార్ట్’లో రహస్యం మాట్లాడుకోవడానికి ఒక యంత్రం ఉంటుంది. మాక్స్ మీద, అధికారి మీద పైనుంచి పారదర్శకమైన పెద్ద బుడగలాంటి మూత దిగుతుంది. బయటివాళ్లకు వినపడకూడదని దాని ఏర్పాటు. తీరా లోపల ఉన్న ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి వినపడదు, గొంతు చించుకుని అరుస్తారు. గుట్టు దాచాలని చేసే ప్రతి ఏర్పాటూ గుట్టును పదిమందికి చాటడమన్న సంగతి ఊళ్లో పెళ్లిచూపులు రహస్యంగా జరిపించబోయిన ప్రతి ఇంటికీ అనుభవమే. వీధి తలుపు పగలు మూసి ఉంటే చాలు, ఏదో ఉందని వీధికంతా తెలిసిపోతుంది.

మాట తీరు దగ్గర కూడా డెల్టాకు ఈ రకం కామెడీతో పొత్తు కుదురుతుంది. గోదావరి వెటకారానికి నియమం ఒకటుంది. అనేవాడు నవ్వకూడదు. గొంతు పెంచకూడదు, చివర ‘అండీ’ తగ్గకూడదు. కాలవ గట్టు మీద టీ తాగుతూ ఒకాయన ఎదుటివాణ్ని నిలువునా కోసేస్తూ కూడా మర్యాదలో వెంట్రుకవాసి లోటు రానివ్వడు. డాన్ ఆడమ్స్ నటన అచ్చం ఆ నియమం మీదే నడుస్తుంది. మొదటి ఎపిసోడ్‌లోనే శత్రువుల పడవలో చిక్కుకుని, ఏడు తీరరక్షక నౌకలు తమను చుట్టుముడుతున్నాయంటాడు. నమ్మకపోతే ఆరంటాడు. అదీ నమ్మకపోతే తెడ్డు పడవలో ఇద్దరు పోలీసులు వస్తున్నారని చెప్పిచూస్తాడు. సంతలో బేరం దిగినట్టు దిగుతాడు, మొహంలో మాత్రం ఒక్క గీత కదలదు. ఈ బేరం రుచి తెలియడానికి అమెరికా రాజకీయాలు తెలియక్కర్లేదు.

మన దేశంలో ఈ దారి పట్టినవాటిలో 1985 నాటి దూరదర్శన్ ‘కరంచంద్’ డిటెక్టివ్ కథ, గూఢచారి కథ కాదు. క్యారెట్ నములుతూ కేసు విప్పే పంకజ్ కపూర్ పాత్ర అయినా అదే కుదురుకు చెందింది. అసలైన వారసుడు 2019లో వచ్చిన ‘ది ఫ్యామిలీ మ్యాన్’. తీసిన రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె. ఇద్దరూ తెలుగువాళ్లే. దాన్ని పూర్తి కామెడీ అనలేం, అందులో చావులు చావులే. నవ్వు పుట్టేది ఇంటి దగ్గరే. మనోజ్ బాజ్‌పేయి వేసిన శ్రీకాంత్ తివారీ బయట ఉగ్రవాదులను పట్టుకుంటాడు, ఇంట్లో పిల్లలకు, భార్యకు జవాబు చెప్పలేక తడబడతాడు. రెండో సీజన్ మొదట్లో ఆ ఉద్యోగం మానేసి ఐటీ కంపెనీలో చేరి, తనకంటే చిన్నవాడైన మేనేజరు చేత క్లాసు పీకించుకుంటాడు. వంటశాలలో వలలుడి అవస్థే అది, కాకపోతే మెడలో ఐడీ కార్డు.

ఇంటివాళ్లకు నిజం చెప్పకపోవడం ఈ ప్రాంతంలో కొందరికి కథ కాదు. కోనసీమ నుంచి, నరసాపురం, పాలకొల్లు వైపు నుంచి గల్ఫ్ దేశాలకు ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లు ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాట్లాడే తీరు ఒక్కసారి వింటే మరుపు రాదు. “తిన్నావా అమ్మా?” అని పిల్ల అడుగుతుంది. “తిన్నాను, బాగానే ఉన్నాను, నువ్వు చదువుకో.” వీడియో కాల్‌లో వెనక గోడ ఒక్కటే కనిపించేలా ఫోన్ పట్టుకుంటారు, గది ఎంత ఇరుకో పిల్లకు తెలియకుండా. ఇవతల ఊళ్లో ఉన్న ఆమె తల్లి కూడా అంతే. కూతురికి బెంగ అవుతుందని తన జ్వరం సంగతి చెప్పదు. రెండు వైపులా దాపరికమే, రెండు వైపులా ప్రేమే. చక్ భోజనాల బల్ల దగ్గర అక్కకు అబద్ధం చెప్పి, ఆమె అటు తిరగ్గానే మొహం మార్చే క్షణం ఈ ఇళ్లలో చూసినవాళ్లకు ఎలా తగులుతుందో వేరే వివరించక్కర్లేదు. తేలికపాటి సీరియల్ అని కొట్టిపారేసేవాళ్లకు ఈ బరువు కనబడదు. ఆ బరువును నవ్వుతో మోయించడం తేలిక పని కాదు.

ఈ లెక్కన చూస్తే ‘చక్’ ఎక్కడ కాస్త పలచబడిందో కూడా తెలుస్తుంది. 2009 ఏప్రిల్ 27న వచ్చిన రెండో సీజన్ ముగింపులో చక్ బుర్రలోకి కొత్త రకం కంప్యూటర్ ఎక్కి, ఉన్నట్టుండి కుంగ్‌ఫూ వచ్చేస్తుంది. ఆ ఒక్క సన్నివేశం ఒళ్లు పులకరింపజేస్తుంది, నిజమే. కానీ ఆ తర్వాత అతను మెల్లమెల్లగా మామూలు గూఢచారి అయిపోతాడు. కొట్టగలిగినవాడు తప్పించుకునే ఉపాయం వెతకడు. అర్జునుడు జమ్మిచెట్టు మీంచి గాండీవం దించాక బృహన్నల మీద వచ్చే నవ్వు ఆగిపోతుంది, భారతంలో అది యుద్ధం మొదలయ్యే చోటు కాబట్టి సరిపోయింది. ఇక్కడ ఇంకా మూడు సీజన్లు మిగిలి ఉన్నాయి.

ఆ మూడు సీజన్లు దక్కినదే ప్రేక్షకుల వల్ల. సీరియల్ ఆగిపోతుందని భయపడిన అభిమానులు ఆ రెండో సీజన్ ముగింపు రోజునే సబ్‌వే శాండ్‌విచ్ దుకాణాల ముందు వరస కట్టారు. ఆ కంపెనీ సీరియల్‌కు ప్రకటనలిచ్చేది. ఉత్తరాలు రాస్తే ఛానెల్ చదువుతుందో లేదో తెలియదు, అమ్మకం పెరిగితే ప్రకటనదారు తప్పక చూస్తాడన్నది వాళ్ల ఆలోచన. చక్ పాత్రధారి జాకరీ లీవై ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో వందలమందిని వెంటబెట్టుకుని ఒక దుకాణానికి నడిచి వెళ్లాడు. మూడో సీజన్ వచ్చింది. గొప్ప సీరియల్ అన్న గౌరవంతో జనం ఇంత చేయరు. తమ వీధి కుర్రాడికి ఉద్యోగం పోతుందంటే చేస్తారు.

చివరి ఎపిసోడ్‌లో సారాకు జ్ఞాపకాలు చెరిగిపోయి ఉంటాయి. చక్ ఎవరో, తమ అయిదేళ్ల స్నేహం, కాపురం ఏవీ ఆమెకు గుర్తులేవు. ఇద్దరూ సముద్రపొడ్డున ఇసుకలో కూర్చుంటారు. తనకు తమ కథ చెప్పమని ఆమె అడుగుతుంది. ఏళ్ల తరబడి అక్కకు చెప్పలేక, స్నేహితుడికి చెప్పలేక నలిగిపోయిన మనిషి మొదటిసారి ఏదీ దాచకుండా, షాపులో పనిచేసే కుర్రాడి దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పుకుంటూ పోతాడు. ఆమె వింటుంది. మధ్యలో ఎక్కడో నవ్వుతుంది.